ఇసుక దిబ్బ మీద వదిలొచ్చిన ఇద్దరు

నా ఇరవై ఎనిమిదేళ్ళ పడవ ఉద్యోగంలో నా చేతి కింద ఒక్క మనిషే చనిపోయాడు. తుఫాను లేదు, పడవ మునగలేదు, ఇంజను ఆగలేదు. అక్టోబరు నెలలో గాలి కూడా సరిగా లేని ఉదయం. నీళ్ళు మనిషి ఛాతీ దాటలేదు. సముద్రం గురించి ఇతన్ని అడగాలి అని పదిమంది నన్ను చూపించే రోజుల్లోనే జరిగింది.

మా కాకినాడ జెట్టీ దగ్గర గల్ఫు పడవల్లో పనికి వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఏ సర్టిఫికెట్లు కావాలి, అరబ్బీ ఎంత రావాలి, అక్కడి అర్బాబులు, అంటే యజమానులు, ఎలాంటివాళ్ళు అని అడుగుతారు. తెలిసినంత చెప్తాను. ఇది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే సలహా అడగడం మానేస్తారని భయం. ఇప్పుడు మానేసినా ఫర్వాలేదనిపించే వయసొచ్చింది.

2002లో నేను దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ ఖువైన్‌లో వలల లాంచీ మీద పనిచేసేవాణ్ణి. మరుసటేడు ఒక చిన్న కంపెనీ దొరల్ని గాలం వేటకి తీసుకెళ్ళే పడవకి కెప్టెన్‌గా పెట్టుకుంది. తెల్ల చొక్కా, టోపీ ఇచ్చారు. వలతో టన్నుల లెక్కన లాగిన నాకు ఆ వేట మొదట పిల్లలాటలా కనిపించింది. దానికి సీసం గుండు ఉండదు, పచ్చి చేప ఎర ఉండదు. మేక వెంట్రుకలు, మెరుపు దారం కట్టిన ఈక ఎర ఒకటి. ఆ ఎరకి బరువు లేదు కాబట్టి దారాన్నే లావుగా, బరువుగా చేస్తారు. కర్రతో ఆ దారాన్ని తల మీదుగా వెనక్కీ ముందుకీ ఊపి, గాలిలో చాచి, నీళ్ళ మీద మెల్లగా పరుస్తారు. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. పొద్దున్నించి ఊపితే రెండు చేపలు పడతాయి. పట్టి, ఫొటో తీసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. మా అమ్మకి ఫోన్లో చెప్తే, "పట్టింది వదిలేత్తానికి అంత దూరం ఎల్లావేంట్రా?" అంది.

ఎండలు తగ్గి నీళ్ళు చల్లబడ్డాక, అక్టోబరు నుంచి మా ఖోర్‌లోకి తోలుపార చేపలు గుంపులుగా వచ్చేవి. ఖోర్ అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పుకయ్య. చుట్టూ మడ చెట్లు, మధ్యలో ఇసుక దిబ్బలు. పాటుకి దిబ్బలు బయటపడతాయి, పోటుకి మునిగిపోతాయి. పోటు మొదలయ్యే వేళకి చిన్న చేపల్ని తరుముకుంటూ తోలుపారలు దిబ్బ అంచులకి వస్తాయి. మోకాలి లోతులో నిలబడి గాలం వేయడానికి అంతకన్నా మంచి సమయం లేదు.

నా సహాయకుడు కరీంనగర్ వైపు మనిషి. అప్పటికి నలభై దాటాయి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పడవలు బాగుచేసే వర్క్‌షాపులో ఫైబర్ పాలిష్ పనికి వచ్చాడు. నాలుగేళ్ళు పడవలకి నునుపు పెట్టాడు గానీ సముద్రాన్ని చూడలేదు. మా పడవని బాగుచేసి అప్పజెప్పడానికి ట్రైలర్ మీద తెచ్చిన రోజు మొదటిసారి చూశాడు. అంచుదాకా వెళ్ళి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"గిన్ని నీళ్ళుండి తాగనీకి చుక్క లేదాయె," అన్నాడు.

ఆ రోజు ఒడ్డున ఒక దొర కర్ర ఊపడం నేర్చుకుంటూ తంటాలు పడుతున్నాడు. ఇతను కాసేపు చూసి, నన్ను అడిగి, కర్ర తీసుకున్నాడు. మూడోసారికే దారం నేరుగా సాగి దూరంగా పడింది. దొర చప్పట్లు కొట్టాడు.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అన్నాను.

"నేర్సుడేంది అన్నా! చిన్నప్పుడు జొన్న చేనుకాడ వడిసెల తిప్పినోణ్ణి. పిట్టల గొట్టుడు గిట్లనే. ఎనకకి పోయిందాన్ని ఆగనియ్యాలె, గప్పుడు ముంగటికి కొట్టాలె."

అలా మా పడవకి వచ్చాడు. వీసా వర్క్‌షాపుదే, కాగితాల్లో అతను పాలిష్ మనిషే. పని మాత్రం మా దగ్గర. సంవత్సరం తిరిగేసరికి మా గెస్టులు నన్ను కాదు, అతన్నే అడిగేవాళ్ళు. షార్జా రోలా బజార్లో ఒక దర్జీ దగ్గర జరీ ముక్కలు, కసాయి కొట్లో తెల్ల మేక వెంట్రుకలు తెచ్చి తనే ఎరలు కట్టేవాడు. దుకాణంలో కొన్న ఎరలకన్నా వాటికే చేపలు ఎక్కువ పడేవి. ఒక్కటే లోపం. అతనికి ఈత రాదు. నడుం దాటి నీళ్ళలోకి దిగేవాడు కాదు. నేర్పుతానని చాలాసార్లు అన్నాను. సీజన్‌లో తీరిక ఉండదు, సీజన్ అయిపోయాక ఎండలు. అలా నేర్పలేదు.

అతనంటే ప్రాణం పెట్టే గెస్టు ఒకాయన ఉండేవాడు. డెబ్భై దాటిన అమెరికా మనిషి. కూతురు, అల్లుడు దుబాయ్‌లో ఉద్యోగాలు. ఆయన ఏటా అక్టోబరులో వచ్చి రెండు నెలలు ఉండేవాడు. వాళ్ళ తూర్పు తీరంలో కూడా ఆకులు రాలే కాలంలో ఒంటి మీద చారలున్న పెద్ద చేపలు ఒడ్డుకి వస్తాయట. నలభై ఏళ్ళు ఆ చారల చేపని ఇలాగే ఈక ఎరతో పట్టాడట. భార్య పోయాక ఆ తీరానికి వెళ్ళబుద్ధి కాక ఇక్కడికి రావడం మొదలుపెట్టాడు. కుడి మోకాలు సరిగా పనిచేసేది కాదు. మా కరీంనగర్ మనిషి చేయి పట్టుకుని దిబ్బ మీదికి దింపేవాడు. ఆయన ఇంగ్లీషు, ఇతను తెలుగు, ఎవరి భాష వాళ్ళదే. మధ్యలో నన్ను తర్జుమా అడిగేవాళ్ళు కాదు. ఇద్దరికీ సరిపోయేది.

2005 అక్టోబరులో ఒకరోజు ఆయన అల్లుడిని కూడా తీసుకొచ్చాడు. తెల్లవారుతుండగా బయల్దేరాం. పెద్దాయనకి దిబ్బ మీద నిలబడి వేయడం ఇష్టం. అల్లుడికి ఖోర్ దాటి బయటికి వెళ్ళి పెద్ద చేపని పట్టాలని ఉంది. ఇద్దరినీ సంతోషపెట్టాలనుకున్నాను. ఆరు గంటలకి పెద్దాయన్నీ మా మనిషినీ దిబ్బ మీద దింపాను. పాటు అయిపోయి అప్పుడే నీళ్ళు నిలిచాయి. దిబ్బ పొడిగా ఉంది. చీలమండ తడవని చోట లైఫ్ జాకెట్లు ఎందుకని పడవలోనే ఉంచేశారు. నేనూ వేసుకోమనలేదు. మా మనిషి తన ఫోను తడుస్తుందని నా చేతికిచ్చాడు. చేతి రేడియో ఒక్కటే ఉంది, అది నా దగ్గరే.

"ఏడింటికల్లా వచ్చేత్తాను తమ్ముడూ. ఇక్కడే ఉండండి," అన్నాను.

"మంచిదన్నా," అన్నాడు.

మా మధ్య జరిగిన మాటలు ఇవే. వీటిని బాగా గుర్తు పెట్టుకోండి. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ దిబ్బకి తూర్పున మడ చెట్ల గట్టుదాకా నీళ్ళ కింద ఒక మెరక ఉంటుంది. పోటు మొదలైన గంటన్నర దాకా దాని మీద నడిచి గట్టెక్కొచ్చు. అది నాకు తెలుసు. అతనికి తెలియదు. గంటలో వచ్చేవాణ్ణి కదా, చెప్పాలని తోచలేదు.

బయట నీళ్ళ మీద పక్షులు మూగి ఉన్నాయి. కింద తోలుపారలు ఉడుకుతున్న అన్నంలా నీళ్ళని కలియబెడుతున్నాయి. అల్లుడికి వెంటనే చేప పడింది, తెంపుకుపోయింది. మళ్ళీ పడింది. ఏడు కావడానికి ఐదు నిమిషాలుందనగా గడియారం చూసుకున్నాను. "ఇంకొక్కటి," అన్నాడు అల్లుడు. మా పడవలో బాగా పెద్ద చేప పడితే ఫొటో కంపెనీ గోడ మీద పెడతారు, కింద కెప్టెన్ పేరు ఉంటుంది. నేను ఇంజను ఆపే ఉంచాను. ఆ ఇంకొక్కటి పడి, అలిసి, పడవలోకి వచ్చి, ఫొటో అయ్యేసరికి ఏడూ నలభై ఐదు.

వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డు లేదు. ఎడారి మీంచి పొగమంచు నేల మీద పాకుతూ వచ్చి ఖోర్‌ని కప్పేసింది. ఏడింటికి బయల్దేరి ఉంటే దానికన్నా ముందే దిబ్బ చేరేవాణ్ణి. అందులోకి వెళ్ళాక పడవ ముందు భాగం నాకే కనిపించలేదు. మెల్లగా పోనిస్తూ లోతు కొలుచుకుంటూ రెండుసార్లు ఇసుకలో దిగబడ్డాం. అల్లుడు విజిల్ ఊదుతూనే ఉన్నాడు. ఎనిమిదిన్నర ప్రాంతంలో ఎక్కడినుంచో "అన్నా!" అని వినపడింది. అటు తిప్పాను. మళ్ళీ వినపడింది, ఇంకో పక్కనుంచి. పొగమంచులో అరుపు ఎటునుంచి వస్తుందో తెలియదు. ఆ గొంతు చుట్టూ గంటసేపు తిరిగాను. తర్వాత అది ఆగిపోయింది. రేడియోలో కోస్ట్ గార్డుని పిలిచాను. వాళ్ళకీ అదే మంచు.

పది గంటలకి ఎండ పడి మంచు చిరిగింది. దిబ్బ లేదు. దాని చోట నీళ్ళలో ఒక మనిషి ఛాతీ దాకా మునిగి నిలబడి ఉన్నాడు. భుజం మీద తెల్లటి తల ఒకటి ఆనించి ఉంది. గాలం కర్రకున్న ఆ లావు దారాన్ని విప్పి ఇద్దరి నడుములకీ కలిపి చుట్టుకున్నాడు, ప్రవాహం విడదీయకుండా.

నేను నీళ్ళలోకి దూకి పట్టుకునేసరికి అతని పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"పెద్దాయన మాట్లాడ్తలేడన్నా. మస్తు సేపాయె. నడుం దాక నీళ్ళచ్చినప్పుడు మోకాలు మడతవడి పడిపోయిండు. నీళ్ళు మింగిండు. లేపిన. మల్ల పడిపోయిండు. గప్పట్నుంచి వట్టుకోనే ఉన్న."

పెద్దాయన చనిపోయి గంట పైనే అయి ఉంటుందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ గంటసేపూ ఈత రాని మనిషి, అడుగు జారితే పోతానని తెలిసిన మనిషి, ఆయన ముఖం నీళ్ళలో పడకుండా పట్టుకుని నిలబడ్డాడు.

ఆసుపత్రి నుంచి పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళారు. లోపలికి పిలిచేలోగా మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను వరండా చివరికి తీసుకెళ్ళాడు. ఉత్తర భారతం మనిషి. కేకలేసేవాడు కాదు, ఆ రోజూ వేయలేదు.

"దేఖో కెప్టెన్ భాయ్," అని మొదలుపెట్టి, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. తప్పు కెప్టెన్‌దైతే పడవ లైసెన్సు పోతుంది, కంపెనీ మూతపడుతుంది, పన్నెండు మంది ఇంటికి పోతారు. సహాయకుడిదైతే ఒక్కడు పోతాడు. వాడు కాగితాల మీద మన మనిషే కాదు. "పోటు మొదలైతే గట్టెక్కండి అని నువ్వు చెప్పే ఉంటావు కదా? చెప్పకుండా ఎలా వెళ్తావు? అంత అనుభవం ఉన్నవాడివి. ఆ మాట లోపల చెప్పు. ఖలాస్."

ఆ పన్నెండు మంది కోసం అలా చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నేను నా ఒక్కడి గురించే ఆలోచించాను.

లోపల అధికారి అరబ్బీలో అడుగుతుంటే, ఒక ముసలి పాకిస్తానీ హిందీలో చెప్పేవాడు. మా మనిషి దుప్పటి కప్పుకుని నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. నేను చెప్పాను. ఏడింటికి రాలేకపోతే తూర్పు మెరక మీదుగా మడ చెట్ల గట్టుకి వెళ్ళిపొమ్మని దింపేటప్పుడే చెప్పానని. ఇంత స్పష్టంగా చెప్పాను.

ముసలాయన మా మనిషి వైపు తిరిగి, "కెప్టెన్ ఇలా చెప్పాడా?" అని హిందీలో అడిగాడు.

అతను నా వైపు తిరిగాడు. తెలుగులో, మెల్లగా అడిగాడు.

"చెప్పినవా అన్నా?"

అందులో కోపం లేదు, నిలదీయడం లేదు. తెలుసుకోవాలని అడిగాడు. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరమే.

"చెప్పాను కదయ్యా," అన్నాను.

దుప్పటి భుజాల మీదికి లాక్కున్నాడు. తర్వాత ముసలాయనతో అన్నాడు: "భాయ్ బోలా తో బోలా హోగా. మై సునా నహీ." అన్న చెప్పాడంటే చెప్పే ఉంటాడు, నేను వినలేదు అని. ఆయన దాన్ని అరబ్బీలో అధికారికి చెప్పాడు. అధికారి రాసుకున్నాడు. కింద మా మనిషి వేలిముద్ర వేశాడు.

అల్లుడిని విడిగా అడిగారు. దింపేటప్పుడు మేము మాట్లాడుకున్నది అతనికి అర్థం కాని భాష. ఆలస్యం పొగమంచు వల్ల అని నేను చెప్పాను, అతనూ అదే చెప్పాడు. "ఇంకొక్కటి" అన్న మాట అతనూ ఎత్తలేదు. వరండాలో ఎదురుపడినప్పుడు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మా మనిషికి జైలు పడింది. పెద్దాయన కూతురు కోర్టుకి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, తండ్రి లాంటి ముఖం. క్షమిస్తున్నానని రాసిచ్చింది. మా నాన్న చివరి క్షణంలో ఒంటరిగా లేడు, ఆ మనిషి చేతుల్లో ఉన్నాడు, అది చాలు అని రాసిందని ముదీర్ చెప్పాడు. దాంతో ఐదు నెలలకి వదిలేసి ఇండియా విమానం ఎక్కించారు. చేయని తప్పుకి అతనికి క్షమాభిక్ష దొరికింది. చేసినవాణ్ణి క్షమించాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు. నా లైసెన్సు నా దగ్గరే ఉంది. మరుసటి సీజన్‌కి జీతం పెంచారు.

జైల్లో చూడ్డానికి ఒకసారి వెళ్ళాను. అద్దం అవతల కూర్చుని, "సీజనెట్లుందన్నా?" అని అడిగాడు. బాగుందన్నాను. "గా జరీ ఎరలు నా పెట్టెల ఉన్నయ్. ఆడుకో," అన్నాడు. మళ్ళీ వెళ్ళలేదు. ఆ ఎరలు మాత్రం వాడాను. అదీ చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

2008లో ఉద్యోగం వదిలి వచ్చేశాను. వచ్చిన నెలకి కరీంనగర్ బస్సెక్కాను. ఊరు వెతుక్కుంటూ మధ్యాహ్నానికి చేరాను. అతను ఒక రైసు మిల్లులో హమాలీ. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి పరుగున వచ్చి చేతులు పట్టుకున్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి భార్యని టీ పెట్టమన్నాడు. ఆమె టీ తెచ్చిపెట్టి, నన్ను పలకరించి, లోపలికి వెళ్ళింది.

"నేనే అడుగుదామనుకుంటి అన్నా," అన్నాడు. "నువ్వు గట్టుకు పొమ్మని చెప్పింది, నాకెట్ల ఇనవడలేదో ఎంత సోంచాయించినా సమజ్ గాలే. పడవ ఇంజను చప్పుడుండెనా గప్పుడు? ఇంటికచ్చినంక చెవుల డాక్టరుకు చూపించుకున్న. చెవులు మంచిగనే ఉన్నయన్నడు. మరి ఇనవడి కూడ యాది మరిసిన్నా అని గదొక రంధి. నేను యాది పెట్టుకుంటె పెద్దాయన బతుకుతుండె."

మూడేళ్ళుగా అతను ఆ మాటని వెతుకుతున్నాడు. నేను అనని మాటని.

"నేను చెప్పలేదయ్యా," అన్నాను. "ఏడింటికి వస్తానన్నాను, అంతే. చేపల కోసం ఉండిపోయాను. స్టేషన్లో అబద్ధమాడాను."

అతను రోడ్డు మీద ట్రాక్టరు పోయేదాకా ఆగి, మళ్ళీ అడిగాడు.

"చెప్పలేదా?"

"లేదు."

"మరి నేనడిగితిని గదా అన్నా. నిన్నే అడిగితిని."

కొడతాడేమోననుకున్నాను. కొట్టినా బాగుండేది. లేచి, గుమ్మం దగ్గరికి వెళ్ళి, భార్యని పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇగో, ఈమెకు చెప్పు," అన్నాడు. "మొదట్నుంచి చెప్పు. నేను చెప్తె నమ్మది. నా తప్పుకు ఒక పెద్దమనిషి చచ్చిపోయిండని ఊరంత చెప్పుకున్నోణ్ణి నేనే."

చెప్పాను. దిబ్బ, గడియారం, ఇంకొక్కటి, పొగమంచు, దారం, స్టేషను. ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడి అంతా విన్నది. మధ్యలో ఒక్కచోటే ఆపింది. "గన్ని గంటలు నీళ్ళల్ల నిలవడ్డడా?" అని. ఆ సంగతి అతను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదట. జైలు గురించి, తన తప్పు గురించి మాత్రమే చెప్పాడట.

నేను పూర్తి చేశాక అతను అరుగు చివర, నాకు దూరంగా కూర్చుని రెండు అరచేతుల్తో చెవులు మూసుకున్నాడు. ఆమె అతని వైపు చూసింది. తర్వాత నన్ను అడిగింది.

"గా పెద్దాయన బిడ్డ... మా ఆయనను మాఫ్ చేసినమ్మ. ఆమెకు గిదంత ఎరుకనా?"

"లేదు," అన్నాను.

ఆమె నా ముందున్న టీ గ్లాసు తీసుకుంది. నేను ఇంకా తాగలేదు. దాన్ని వాకిట్లో పారబోసి లోపలికి వెళ్ళిపోయింది.